సుంకమ్మ బదిలీ

సోమవారం. ఎండ మామూలే.

పొద్దున్నే ఊరి మీద పందిరి పరిచాం. గాలి లేదు కాబట్టి గుడ్డ ఎక్కడా పట్టకుండా జారింది. మా మూడో మంచె నుంచి ధర్మవరం రోడ్డు దాకా నీడ పడింది. పిల్లలు బడికి బయల్దేరే వేళకు ముందే పడింది కాబట్టి ఎవరి చేతా మాట పడలేదు. మధ్యాహ్నం గుడ్డను లాగే ఎడమ మోకుతాడు కాస్త వేడెక్కితే తడిబట్ట చుట్టాం. పని సంగతులు ఇంతే.

మంచె దిగే ముందు ఈ రోజురాత రాయాలని కంపెనీ నియమం. మనసులో ఉన్నది రాయండి, మేం వింటాం అంటారు. వింటారు కూడా. అబద్ధం ఎందుకు చెప్పాలి? టీ నీళ్ళనీళ్ళగా ఉందని ఒకసారి రాస్తే మర్నాటి నుంచి చిక్కటి టీ వచ్చింది. మోకాళ్ళు లాగుతున్నాయని రాస్తే నెల తిరక్కుండా ఆపరేషన్ చేయించి, ఇంట్లో కూర్చోబెట్టి జీతం ఇచ్చారు. మా అమ్మ ఇదే ఊళ్ళో వేరుశనగ చేనులో ఎండకు సొమ్మసిల్లి పడిపోతే అడిగిన నాథుడు లేడు. అప్పుడు పందిరీ లేదు, కంపెనీ లేదు. అందుకే కంపెనీని ఎవరైనా ఒక మాటంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ రాతలు చదివే విభాగానికి ఏదో పొడుగాటి పేరుంది. మేమంతా దాన్ని చెవి అంటాం.

ఇక నా మనసులో ఉన్నది. ఈ సుంకమ్మతో వేగలేకపోతున్నాను. ఎడమ మోకు నాది, కుడి మోకు ఆమెది. గుడ్డను లాగేది యంత్రమే అయినా, మోకు బిగిసిందా సడలిందా అన్నది మనిషి చేతికే తెలుస్తుంది కాబట్టి మంచెకు ఇద్దరిని పెట్టారు. ఇద్దరిలో ఒకరికి నోరు ఆగదు. ఈ రోజు వాళ్ళ చిన్నమ్మ కోడలు ఉగ్గాని చేసిన కథ ఎత్తుకుని, ఉల్లిపాయలు తరగడం దగ్గర్నుంచి చెప్పింది. ఆ కోడలెవరో నాకు తెలియదు. ఆ ఉగ్గాని నేను తినలేదు, తినబోను. చెవులు తూట్లు పడ్డాయి. ఆమెను ఎక్కడికైనా పంపించేయండి తల్లీ, నాలుగు రోజులు ప్రశాంతంగా బతుకుతాను.

ఇదిగో, ఇప్పుడు కూడా కింది మెట్టు మీద నుంచి అరుస్తోంది. "ఏమ్మే వన్నూరీ, ఇంగా ఎంతసేపు రాస్తావు? టీ సల్లారిపోతాంది. నేను తాగేస్తే నన్నడగొద్దు!"

తాగినా తాగుతుంది. వెళ్తున్నాను.

గురువారం. దుమ్ము.

సుంకమ్మకు బదిలీ వచ్చింది.

మధ్యాహ్నం పని మధ్యలో మంచె మీది తెర మీద ఉత్తర్వు పడింది. ఉప్పాడ ఒడ్డున రొయ్యల చెరువుల మీద కంపెనీ కొత్త పందిరి వేస్తోందట. అక్కడి మంచెకు ఆమె పెద్ద. సముద్రం కనబడే ఇల్లు. జీతం ఒక మెట్టు పైకి. శనివారానికల్లా అక్కడ ఉండాలి. నెలాఖరు దాకా చూసి, బాగుంటే ఖాయం చేస్తారు. ఖాయమయ్యాక ఇక్కడి ఇల్లు వేరేవాళ్ళకు ఇచ్చేస్తారు.

సుంకమ్మ చదివిందే చదివింది. "నన్నేనామ్మే? పేరు సరిగ్గా సూడు. కుంటిమద్ది సుంకమ్మ అనే ఉండాదా?"

"నీ పేరే. కంపెనీకి కండ్లు పోయినట్టుండాయి," అన్నాను.

"పోలేదు, ఇప్పుడే వచ్చినాయి! ఇన్నేండ్లు మోకు పట్టుకోని నిలబడితే ఎవరు సూసినారులే అనుకుంటి. సూసినారు సూడు." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆమె ఏడవడం నేను చూసింది తక్కువ. ఆమె భర్త పోయినప్పుడు కూడా వచ్చినవాళ్ళకు మజ్జిగ పోస్తూ తిరిగింది. "సముద్రం ఎట్లుంటాదో తెలుసా నీకు?"

"నీళ్ళుంటాయి."

"నీళ్ళంట! నీ మొగం. పంపిస్తే నువ్వూ వస్తావు గదా?"

నాకు అసూయ కలిగింది. ఉన్నమాట ఉన్నట్టు రాస్తున్నాను. ఆమెకు ముందు నుంచీ ఈ మంచె మీద ఉన్నది నేను. చేయి ఆడితే నాదే బాగా ఆడుతుంది. ఆమెలో ఏం చూశారో అనుకున్నాను. సామాను సర్దుకోవాలని ఆమె తొందరగా దిగిపోయింది. నేను ఒక్కదాన్నే పందిరి చుట్టించి, ఈ రాతకు కూర్చున్నాను. సోమవారం నేను రాసిన దాని కింద జవాబు కనిపించింది.

"మీ ఇబ్బంది గమనించాం. మీ జోడీదారుకు ఏ నష్టమూ కలగకుండా మంచి స్థానం చూశాం. ఇక మీరు ప్రశాంతంగా పని చేసుకోవచ్చు."

నేను మాటవరసకు అన్నాను. ఆమెను నేను రోజుకు పదిసార్లు అలా అంటాను, ఆమె నన్ను ఇరవైసార్లు అంటుంది. అది కూడా తెలియని చెవి అదేం చెవి? నాకు చాలా భయంగా ఉంది. ఆమె ఇల్లూ నా ఇల్లూ ఒకే గోడ. ఇప్పుడు వెళ్తే పెట్టె ముందు కూర్చుని ఏ చీర తీసుకుపోవాలని అడుగుతుంది. ఆమె మొహం చూసి ఈ సంగతి ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు.

ఆదివారం.

చెప్పలేదు. బస్సెక్కేటప్పుడు కూడా, "పోయిన్నాక నన్ను తలుసుకోని ఏడుస్తావు సూడు," అంది. "పీడ పోయిందని పండగ చేసుకుంటా," అన్నాను. ఆమె నవ్వింది. బస్సు కదిలింది.

నిన్న నిజంగానే ప్రశాంతంగా ఉంది. గాలి పందిరి గుడ్డను తాకే చప్పుడు ఇన్నేళ్ళలో మొదటిసారి పూర్తిగా విన్నాను. మధ్యాహ్నం దాకా బాగుంది. తర్వాత సంగటిలోకి ఊరిబిండి పచ్చడి కలుపుకుంటూ, ఉప్పు సరిపోయిందా అని అడగబోయి కుడివైపు తిరిగాను. అక్కడ మోకు ఒక్కటే ఉంది. ముద్ద మింగుడు పడలేదు.

ఈ రోజు కొత్త జోడీ వచ్చింది. పేరు రెడ్డెమ్మ, మదనపల్లె వైపు పిల్ల. పని చక్కగా చేస్తుంది. మోకు సడలకముందే ఆమె చేతికి తెలిసిపోతుంది. మాట మాత్రం రాదు.

"మీ ఊర్లో వానలు పడినాయా?" అని అడిగాను.

"పడినాయి," అంది.

ఆ తర్వాత సాయంత్రం దాకా గాలి చప్పుడే. ఈ పిల్ల మీద నేను ఒక్క మాట కూడా రాయను. బంగారం లాంటి పిల్ల అని రాస్తున్నాను, రాసుకోండి. ఏదో ఒకటి అంటే ఈమె ఏ ఒడ్డున తేలుతుందో.

మంగళవారం. ఎండ ఎక్కువ. రెండో పొర గుడ్డ కూడా వేశాం.

సంక్షేమ అధికారి కుళ్లాయప్పను కలిశాను. ఈ ఊరి పిల్లవాడే, కంపెనీ బడిలోనే చదివాడు. కుర్చీ వేసి, మజ్జిగ తెప్పించి, నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"పెద్దమ్మా, ఫిర్యాదు వెనక్కి తీసుకునేది కంపెనీలో లేదు," అన్నాడు.

"అది ఫిర్యాదు కాదు నాయనా. తమాషాకు రాసింటి."

"నాకు తెలుస్తాంది. చెవికి తెలీదు. పంపించేయమని చెవి ముందర ఒకసారి పడితే మీరిద్దరూ పొసగని జంట. పొసగని జంటను ఒక చోట పెట్టకూడదని నియమం."

"ఏ తిక్కనాయాలు పెట్టినాడు ఆ నియమం?"

కుళ్లాయప్ప నవ్వలేదు. "మీరే పెట్టించినారంట గదమ్మా."

అది నిజమే. వెనక ఒక సూపర్‌వైజరు ఉండేవాడు. వాడి మీద ఆడవాళ్ళు ఏం రాసినా, పిలిపించి బెదిరించి, తమాషాకు రాశామని వాళ్ళ చేతే చెప్పించేవాడు. అప్పుడు మేం పందిరి పరచకుండా గేటు ముందు ఎండలో కూర్చున్నాం. ముందు కూర్చుంది సుంకమ్మే. ఇచ్చిన ఫిర్యాదును ఎవరూ వెనక్కి తీయించకూడదు, ఇచ్చినవాళ్ళ పేరు బయటికి రాకూడదు, కలిసి పని చేయలేమన్న వాళ్ళను మళ్ళీ కలపకూడదు అని ఒప్పించుకున్నాం. కంపెనీ ఒప్పుకుంది, ఇప్పటికీ మాట మీద నిలబడింది. నేను ఎవరిని తిట్టాలో తెలియక మజ్జిగ తాగి వచ్చేశాను.

నెలాఖరు దగ్గరపడుతోంది.

గురువారం.

చెవికి ఒక మాట చెబుతాను, జాగ్రత్తగా వినండి. సుంకమ్మ చాలా మంచి పనిమనిషి. ఆమె చెయ్యి పడితే మోకు మాట వింటుంది. అలాంటి మనిషి మూడో మంచె మీద ఉండటం కంపెనీకే లాభం. దయచేసి వెనక్కి పంపండి.

శుక్రవారం.

జవాబు వచ్చింది. "మీ ప్రశంసను సుంకమ్మగారి ఖాతాలో చేర్చాం. ఆమె నైపుణ్యం దృష్ట్యా ఉప్పాడలో కొత్తవారికి పని నేర్పే బాధ్యత కూడా అప్పగించాం."

నా నోరు పడిపోను. ఊబిలో కూరుకున్న మనిషిని పైకి లాగుదామని పోయి భుజాల మీద కూర్చున్నట్టయింది.

ఆదివారం. సాయంత్రం మబ్బు పట్టింది, చినుకు రాలలేదు.

మంచిగా చెబితే లాభం లేదని అర్థమైంది. కంపెనీ కదిలేది బాధకే. ఎవరికైనా బాధ ఉందంటే పరుగెత్తుకొస్తుంది, అది దానిలోని గొప్ప గుణం. కాబట్టి బాధే రాస్తున్నాను.

సుంకమ్మకు ఎవరూ లేరు. భర్త పోయాడు, పిల్లలు లేరు. పాపం, ఆమె అన్నన్ని మాటలు చెప్పేది ఒంటరితనం భరించలేకే. వాటిని ఓపిగ్గా వినేదాన్ని నేను ఒక్కదాన్నే. కొత్తచోట ఆమె మాట వినేవాళ్ళు ఉండరు. దిగులుతో మంచం పడుతుంది. జాలి తలచి ఆమెను ఇక్కడికి పంపండి.

ఇది పని చేస్తుందని నా నమ్మకం. రాసేటప్పుడు నాకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మంగళవారం.

ఫోను నుంచి ఇప్పుడే చెవి తీశాను. సుంకమ్మ చేసింది. ఆమె గొంతు వినగానే ప్రాణం లేచొచ్చింది గానీ బయటపడలేదు.

"బతికే ఉండావా?" అన్నాను.

"ఉండా. నువ్వు? కొత్త జోడీ వచ్చిందంట. ఎట్లుండాది?"

"దేవత. నోరు తెరవదు."

"అయితే నువ్వు సచ్చినట్టే," అని పకపకా నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "వన్నూరీ, ఈడ అంతా బాగుండాది. సముద్రం నువ్వు సెప్పినట్టు వట్టి నీళ్ళు కాదు. సూస్తే ఏమీ మాట్లాడబుద్ధి కాదు. మనుషులు శానా మంచోళ్ళు. అంతా మర్యాద. నేనేమన్నా ఆయ్ అంటారు. ఒకడు మోకు వదిలేస్తే, నీ సేతులు పడిపోనూ అంటి. అంతే, వాడు రెండు దినాలు నాతో మాట్లాడలా. తిట్టినానని నొచ్చుకున్యాడంట! ఇంగ నేను యాడ తిట్టాల? ఎవరితో అన్నా మర్యాదగా మాట్లాడితే నాకు కొత్తోళ్ళింట్లో కూర్చున్నట్టుంటాది."

మా వైపు అంతే. పరాయివాళ్ళతోనే మర్యాదగా మాట్లాడతాం. తిట్టేది మనవాళ్ళను. చెవిని తయారుచేసినవాళ్ళు ఏ ఊరివాళ్ళో గానీ, ఎవరూ ఈ ముక్క వాళ్ళకు చెప్పలేదు.

"ఇంగో తమాషా విను," అంది. "నిన్నట్నుంచి ఒకాయన వచ్చి నా ఎదురుగ్గా కూర్చుంటాండాడు. ఎవరయ్యా నువ్వంటే, నేను మీ మాటలు వినడానికొచ్చానండి, కంపెనీ పంపిందండి, చెప్పండమ్మగారూ అంటాడు. ఏం సెప్పాల? నువ్వేమన్నా సెప్పు అంటే, నేను చెప్పకూడదండి, వినడమేనండి అంటాడు. నాకేమన్నా రోగమొచ్చిందా? ఎవరు సెప్పినారు కంపెనీకి?"

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"నేను వెనక్కి వస్తానని రాసినా," అంది. "పెద్దపని ఇచ్చినారు, వద్దంటే మర్యాద కాదని ఇన్ని దినాలూ ఊరుకుంటి. నిన్న ఉండబట్టలేక రాసినా. జవాబేమొచ్చిందో తెలుసా? ఆ పందిరి పనిలో నాతో పొసగనోళ్ళు ఒకరుండారంట. అందుకే మార్చినారంట. పేరు సెప్పరంట. నా పని సూసి పిలిసినారనుకుంటి వన్నూరీ. పని సూసి కాదు." ముక్కు చీదింది. "ఎవరది? నీకు తెలిసే ఉంటాది. సెప్పు, వచ్చి మొగమ్మీదనే అడుగుతా."

"నాకు తెలీదు," అన్నాను.

అలా అన్న నోటితో తర్వాత మంచినీళ్ళు కూడా తాగలేకపోయాను.

బుధవారం.

పందిరి పరిచి, రెడ్డెమ్మకు చెప్పి, కుళ్లాయప్ప దగ్గరికి వెళ్ళాను.

"నాయనా, నీ నియమాల్లో ఏదో ఒక సందు ఉండకుండా ఉండదు. సెప్పు."

అతను చాలాసేపు తల గోక్కున్నాడు. "ఒకటుంది పెద్దమ్మా, ఎదురుకూర్పు అంటారు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరి మీద ఒకరు రాసిందంతా చదువుతాం. పేర్లతో సహా. అంతా విన్నాక కూడా కలిసి పని చేస్తామని ఇద్దరూ వేలిముద్ర వేస్తే జంట మళ్ళీ పొసిగినట్టే. ఎవరూ అడగరు దాన్ని. అడిగినోళ్ళు ఇంకా దూరమైనారు గానీ దగ్గర కాలేదు."

"అంతా సదువుతారా?"

"ఒక్క ముక్క వదలకుండా."

పని వేరేచోట చూసుకోవచ్చు కదా అని నాకు నేనే ఒక మాట చెప్పుకున్నాను. కంపెనీ వదిలేస్తే ఈ నియమాలేవీ మమ్మల్ని పట్టుకోవు. కానీ పందిరి బయట ఉండటం అంటే ఏమిటో నేను చూశాను. చిన్న చిన్న కొట్లలో పనిచేసేవాళ్ళకు జబ్బు చేస్తే ఆ రోజు కూలి పోతుంది. సూపర్‌వైజరు చేయి పట్టుకుంటే చెప్పుకునే చోటు ఉండదు. నాకు వయసు మీద పడుతోంది. కంపెనీని వదలడానికి నాకు ధైర్యం లేదు. సుంకమ్మను వదలడానికీ లేదు.

సరేనన్నాను.

శనివారం.

ఎదురుకూర్పు అయింది. ఆమె ఉప్పాడలో, నేను ఇక్కడ. గోడంత తెర మీద మనిషి మనిషిలాగే కనిపించింది. ఎండ సోకక రంగు తేలింది. నన్ను చూడగానే నవ్వబోయి, నేను ఎందుకు కూర్చున్నానో అర్థమై ఆగిపోయింది.

"నువ్వామ్మే?" అంది.

నేను తల ఊపాను. అంతకంటే చేతకాలేదు.

కుళ్లాయప్ప చదవడం మొదలుపెట్టాడు. ఆమె నోటి గురించి నేను రాసినవి ఏళ్ళ తరబడి ఉన్నాయి. ఉగ్గాని కథ, చెవుల తూట్లు, ఎక్కడికైనా పంపించేయండి తల్లీ అన్నది, అన్నీ చదివాడు. సుంకమ్మ మొదట మొహం ముడుచుకుని వింది. మూడోదానికి మూతి కదిలింది. "ఇది నా మొగమ్మీదనే అనింది సార్," అంది. "ఇది కూడా. ఇదైతే ఇంతకంటే గలీజుగా అనింది." చివరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వసాగింది. "దీనికా నన్ను సముద్రం దాకా తోలినారు?"

తర్వాత ఆమె నా మీద రాసినవి చదివాడు. నేను నిలబడితే మంచె ఒక పక్కకు ఒరుగుతోందట. ఊరిబిండిలో ఉప్పు వేయడం నాకు ఎవరైనా నేర్పించాలట. నన్ను వంట శిక్షణకు ఎందుకు పంపారో అప్పుడు తెలిసింది. నేను కూడా నవ్వాను. ఇద్దరం ఒళ్ళు మరిచి నవ్వుతుంటే కుళ్లాయప్పకూ నవ్వొచ్చింది. గండం గడిచిందనుకున్నాను.

"ఇంకొక్కటి ఉంది," అన్నాడు అతను, నా వైపు చూడకుండా. నేను ఆదివారం రాసింది చదివాడు. సుంకమ్మకు ఎవరూ లేరు. పాపం. ఓపిగ్గా వినేదాన్ని నేను ఒక్కదాన్నే. జాలి తలచి.

సుంకమ్మ నవ్వు ఆగిపోయింది. కొంగు దించి ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు తిరిగి రావాలనే రాసినానే," అన్నాను. "బాధ సెప్తే గాని వాళ్ళు కదలరు."

"తిట్టినావు, నాకేమీ లేదు," అంది నెమ్మదిగా. "పాపమంటావా నన్ను? ఇన్ని దినాలూ పాపమని ఇన్నావా నా మాటలు?"

"కాదు సుంకూ..."

"నాకెవరూ లేరని రాసినావే. మరి నువ్వెవరు?"

ఆమె లేచి వేలిముద్ర వేయకుండా వెళ్ళిపోయింది. తెర మీద ఖాళీ కుర్చీ, దాని వెనక కిటికీలో సముద్రం కనిపించాయి. నేను నా వేలిముద్ర వేసి, చూస్తూ కూర్చున్నాను. కుళ్లాయప్ప తెర ఆపేశాడు.

సోమవారం.

గాలి ఎక్కువ. పందిరి సగమే పరిచాం. పని బాగానే జరిగింది. రాయడానికి ఏమీ లేదు.

మంగళవారం.

రేపటితో నెల ముగుస్తుంది. ఫోను చేశాను, తీయలేదు. మళ్ళీ చేశాను, తీయలేదు.

రెడ్డెమ్మ టీ తెచ్చి నా పక్కన పెట్టింది. ఏమీ అడగలేదు. ఆ పిల్ల ఏమీ అడగకపోవడం మొదటిసారి నాకు మంచిగా అనిపించింది. సాయంత్రం సుంకమ్మ ఇంటికి కొత్తవాళ్ళెవరో వచ్చి గదులు చూసుకుపోయారు. గోడ అవతల వాళ్ళ మాటలు వినలేక బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాను.

ఆమె అడిగింది సబబే. తోబుట్టువులా ఇంత కాలం పక్కనే ఉండి, ఆమెకు ఎవరూ లేరని నేనే రాశాను. లెక్కలో నన్ను నేను ఎందుకు వేసుకోలేదు? చెవికి నచ్చేలా రాద్దామని చూశాను. ఎవరూ లేని మనిషంటే చెవికి తొందరగా జాలి కలుగుతుందని అనుకున్నాను. నాకు ఈ రోజు సిగ్గుగా ఉంది, చాలా దుఃఖంగా ఉంది.

బుధవారం.

మధ్యాహ్నం కుళ్లాయప్ప మంచె ఎక్కి వచ్చాడు. అధికారులు మంచె ఎక్కడం నేను చూడలేదు. ఆయాసపడుతూ మోకు పట్టుకుని నిలబడ్డాడు.

"ఖాయం చేసేసినారా?" అన్నాను.

"లేదు పెద్దమ్మా. సుంకమ్మ వేలిముద్ర వేసి పంపింది. దాంతోపాటు మీ మీద ఫిర్యాదు కూడా ఇచ్చింది. మీరు వినాలని రాసింది కాబట్టి చదువుతా." గొంతు సవరించుకున్నాడు.

"మూడో మంచె వన్నూరమ్మ మీద ఫిర్యాదు. ఆ మనిషి నన్ను పాపమనింది. దానికి నేను జవాబు చెప్పాల. ఫోన్లో చెప్పే జవాబు కాదు. కుడి మోకు దగ్గర నిలబడి, ఆమె మొగం చూస్తా చెప్పాల. ఒక్క దినంతో అయ్యేది కాదు. రోజూ చెప్పాల. ఎన్నేండ్లు పడుతుందో నేను చెప్పలేను. కంపెనీ దయతో ఏర్పాటు చేయాల."

రెడ్డెమ్మ ముందు నవ్వింది. తర్వాత నేను నవ్వానో ఏడ్చానో గుర్తు లేదు. కుళ్లాయప్ప చెప్పాడు: ఇచ్చిన ఫిర్యాదును తీర్చకుండా వదలడం కంపెనీ చరిత్రలో లేదట. నాలుగో మంచె రెడ్డెమ్మకు ఇస్తారట. పక్కదే కాబట్టి ఆమెకు ఇష్టమేనట.

"మీ ఇద్దరి మాటలూ ఆడికి ఇనపడతాయి గదా," అంది రెడ్డెమ్మ. నాతో ఆ పిల్ల మాట్లాడిన పొడుగైన మాట అదే.

శనివారం. ఎండ మామూలే.

సుంకమ్మ వచ్చింది. పొద్దున పందిరి పరిచేటప్పటికే కుడి మోకు దగ్గర నిలబడి ఉంది. నా వైపు చూడలేదు, పలకరించలేదు. నేను కూడా పలకరించడానికి భయపడ్డాను. గుడ్డ జారింది. నీడ ధర్మవరం రోడ్డు దాటింది. మధ్యాహ్నం దాకా అదే మౌనం. ఆమె చేయి మాత్రం మోకు మీద ఎప్పటిలాగే ఆడింది.

టీ వేళకు నోరు తెరిచింది.

ఏమందో ఇక్కడ రాయను. నేనేమన్నానో కూడా రాయను. మీరు మంచివాళ్ళు, కోప్పడకండి. టీ బాగుంది, మోకాళ్ళు బాగున్నాయి, మోకులకు కొత్త నూనె కావాలి. మనసులో ఉన్నది రాయమంటారు కదా, అది ఈ రోజు ఆమెకే చెప్పేశాను.